చలిదేశమున రామానుజన్

1914వ సంవత్సరము మార్చి 17వ తేదీన చెన్నపట్టణపు రేవునుండి నెవాసా అను పొగయోడ ఇంగ్లండునకు బయలుదేరెను. ఆ ఓడలో ఇరువదియారేండ్ల తమిళ యువకుడొకడు ప్రయాణము చేయుచుండెను. పొట్టివాడు, కొంచెము స్థూలకాయుడు, కన్నులు మాత్రము మిక్కిలి కాంతి గలవి. ప్రయాణమునకు ముందే అతని పిలక కత్తిరింపబడెను. మెడను బిగించు కాలరును, పాదములను నొక్కు బూట్లును అతనికి క్రొత్తవి. ధోవతి కట్టి, చాపపై కూర్చుండి, చాపపై పరుండి పెరిగిన వాడతడు. కావేరీతీర వాసులకు చలి యనగా మార్గశిరమాసపు వేకువజామున చన్నీళ్ల స్నానము చేయునప్పుడు పుట్టు వణకే. సూర్యుడు రెండు జాములెక్కునప్పటికి అదియు మాయమగును. ఇట్టి చోటునుండి వెళ్లుచున్న ఆ యువకుడే గణితశాస్త్రమున జగద్విఖ్యాతుడైన శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడులో మాతామహుల యింట జన్మించి, కుంభకోణమున పెరిగెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు బట్టల కొట్టులో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్. కాగితములు కొనుటకైనను చాలినంత ధనము ఆ యింట లేదు. ఇంటి అరుగుపై కూర్చుండి, పలకపై లెక్కలు వ్రాసి, మోచేతితో తుడిచి, మరల వ్రాయుట అతని నిత్యకృత్యము. సుమారు పదునారవయేట కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన గణితసూత్రముల గ్రంథమొకటి అతని చేత బడెను. నాటినుండి తక్కిన పాఠములపై అతని మనస్సు నిలువలేదు. కళాశాలలో పరీక్ష తప్పెను. విద్యార్థివేతనము పోయెను. 1905లో అతడు ఇంట ఎవ్వరికిని చెప్పక రైలెక్కి విశాఖపట్టణమునకు వచ్చెను. ఆంధ్రదేశముతో అతనికి గల మొదటి సంబంధమిది. రెండవది నెల్లూరు కలెక్టరుగా నుండిన రామచంద్రరావు వలన కలిగెను. గణితప్రియుడగు ఆ కలెక్టరు రామానుజన్ నోటుపుస్తకములను చూచి, కొంతకాలము నెలకు 25 రూపాయలిచ్చి పోషించెను. పిమ్మట 1912లో చెన్నపట్టణపు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తా పని దొరకెను.

1913 జనవరిలో రామానుజన్ తాను కనుగొన్న సిద్ధాంతములను కొన్నింటిని వ్రాసి, కేంబ్రిడ్జిలోని గణితశాస్త్రజ్ఞుడు హార్డీకి ఉత్తరము పంపెను. వాటిని చూచి హార్డీ ఆశ్చర్యపడెను. ఇట్టివానిని ఎట్లయినను కేంబ్రిడ్జికి రప్పింపవలెనని నిశ్చయించెను. రామానుజన్ తొలుత సమ్మతింపలేదు. సముద్రము దాటుట ఆ కాలపు ఆచారపరులకు నిషిద్ధము. చెన్నపట్టణమునకు ఉపన్యాసములిచ్చుటకు వచ్చిన నెవిల్ అను యువపండితుడు అతనితో మాటలాడెను. కోమలతమ్మాళ్‌కు నామక్కల్లులోని నామగిరి దేవి స్వప్నమున అనుజ్ఞ యిచ్చెనని చెప్పుదురు. తల్లి ఒప్పుకొనెను. ఏటికి 250 పౌనుల విద్యార్థివేతనము లభించెను. అందులో 50 పౌనులు తన కుటుంబమునకు ఇచ్చునట్లు రామానుజన్ ఏర్పాటు చేసెను. మాంసాహారము ముట్టకుండుట, ఇంటనుండువారికి కష్టము లేకుండుట - ఈ రెండు విషయములను గూర్చి అతడు ముందుగానే ఆలోచించుకొనెను. మూడవదియగు చలిని గూర్చి ఎవ్వరును అంతగా ఆలోచించినట్లు కనబడదు.

చెన్నపట్టణము భూమధ్యరేఖకు ఉత్తరమున 13వ అక్షాంశము దగ్గర నున్నది. కేంబ్రిడ్జి 52వ అక్షాంశము దగ్గర నున్నది. ఈ భేదము భూపటముపై జానెడు మాత్రమే. కాని డిసెంబరు నెలలో కేంబ్రిడ్జియందు పగలు ఎనిమిది గంటలైనను ఉండదు. సాయంకాలము నాలుగు గంటలు కొట్టకముందే సూర్యుడస్తమించును. పగటివేళ ఉన్న సూర్యుడును ఆకాశపు అంచునే ప్రాకుచుండును గాని నడినెత్తికి రాడు. మబ్బులు, మంచు, సన్నని వాన కలిసి ఆ కొద్ది వెలుతురును మింగివేయును. రాత్రులందు నీరు గడ్డకట్టునంతటి చలి వచ్చుట అచట వింత కాదు.

రామానుజన్ 1914 ఏప్రిలు 14వ తేదీన లండను చేరెను. నెవిల్ స్వయముగా కారు తీసికొనివచ్చి అతనిని ఎదుర్కొనెను. కేంబ్రిడ్జిలో రామానుజన్ కొన్ని వారములు నెవిల్ దంపతుల యింటనే యుండెను. అది వసంతకాలము. చెట్లు చిగుర్చుచు, పూలు పూయుచుండెను. పగళ్లు దినదినము పెరుగుచుండెను. జూను నెలలో అతడు ట్రినిటీ కళాశాలలోని గదులకు మారెను. అప్పటికి సాయంకాలము తొమ్మిది గంటలవరకును వెలుతురుండెడిది. ఆ దేశము అతనికి తన నిజరూపమును ఇంకను చూపలేదు. అతిథికి మొదటి దినమున పెట్టిన విందువలె ఆ వేసవి గడచెను.

ఆగస్టు 4వ తేదీన ఇంగ్లండు జర్మనీపై యుద్ధము ప్రకటించెను. కళాశాలలోని యువకులు సైన్యమున చేరుటకు పోయిరి. హార్డీతో కలిసి పనిచేయుచుండిన లిటిల్‌వుడ్ అను పండితుడును ఫిరంగిదళమున చేరెను. ట్రినిటీ ప్రాంగణమొకదానిలోనే గాయపడిన సైనికులకు ఆసుపత్రి వెలసెను. మాటలాడువారు తగ్గిరి. ఆకులు రాలెను. అక్టోబరు గడచి నవంబరు వచ్చెను.

ఆ కాలమున కేంబ్రిడ్జిలో విద్యార్థికి సాధారణముగా రెండు గదులుండెడివి. ముందుగది చదువుకొనుటకు, వెనుకగది పరుండుటకు. ముందుగదిలో గోడయందు అమర్చిన బొగ్గుల పొయ్యి యుండెడిది. దాని యెదుట కుర్చీ వేసికొని కూర్చున్నవానికి ముఖము కాలుచుండెడిది, వీపు చల్లగానే యుండెడిది. పడకగదిలో ఆ మాత్రపు వెచ్చదనమును అరుదు. రామానుజన్‌కు బూట్లు సరిపడలేదు. గదిలో మెత్తని చెప్పులతోనే తిరుగుచుండెడివాడు. వంట తానే చేసికొనెను. పనిలో మునిగినప్పుడు రాత్రియేదో పగలేదో తెలియక ఒకే విడతగా ఎన్నో గంటలు లెక్కలు చేయుచు కూర్చుండెడివాడు. అలసి పడకగదికి పోయినప్పుడు చలి మొదలయ్యెడిది.

ఆ దినములలో మహలనోబిస్ అను వంగదేశపు విద్యార్థి కింగ్స్ కళాశాలలో చదువుచుండెను. అతడు రామానుజన్ కంటె ఐదారేండ్లు చిన్నవాడు. తరువాతి కాలమున 1931లో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించి, దేశమునకు గొప్ప సేవ చేసిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఇతడే. ఒకనాడు అతడు రామానుజన్‌ను చూడవచ్చెను. రామానుజన్ పొయ్యికి మిక్కిలి దగ్గరగా కూర్చుండియుండుట చూచి, రాత్రులందు వెచ్చగా నుండుచున్నదా యని యడిగెను. చలి వేయుచునే యున్నదనియు, ఓవర్‌కోటు తొడిగికొని, పైన శాలువ చుట్టుకొని పరుండుచున్నాననియు రామానుజన్ బదులు చెప్పెను. కళాశాలవారు చాలినన్ని కంబళ్లు ఇయ్యలేదేమోయని మహలనోబిస్‌కు సందేహము కలిగెను. లేచి పడకగదిలోనికి వెళ్లి చూచెను.

మంచముపై కంబళ్లు లేకపోలేదు. ఒకటి కాదు, చాలనున్నవి! కాని అవి యన్నియు పరుపుపై పరచి, అంచులు పరుపు క్రిందికి గట్టిగా మడిచి పెట్టబడియుండెను. వాటన్నింటిపైని అలంకారముగా ఒక పలుచని దుప్పటి కప్పబడియుండెను. దాని అంచులు మాత్రము వదులుగా నుండెను. రామానుజన్ ఇన్ని రాత్రులును ఆ పై దుప్పటిని మాత్రమే యెత్తి, దాని క్రింద పరుండుచుండెను. కంబళ్లు కప్పుకొనవలసినవి. అతడు వాటిని పరుపులో భాగమనుకొని, వాటి మీదనే నిద్రించుచుండెను!

ఇది విని నవ్వు రావచ్చును. కాని నవ్వుటకు ముందు ఒకమారు ఆలోచింపవలెను. మన దేశమున పక్కయనగా చాప, బొంత, దిండు. కప్పుకొనుటకు వేరుగా మడిచి పెట్టిన దుప్పటి యుండును. దానిని విప్పి మీదికి లాగుకొందుము. ఆ కాలపు ఇంగ్లండులో అట్లు కాదు. పనివారు ఉదయముననే వచ్చి పడక సవరించి, దుప్పట్లను కంబళ్లను నలుప్రక్కల పరుపు క్రిందికి దోపి, పెట్టెకు మూత వేసినట్లు బిగించి పోయెడివారు. పరుండువాడు తలదిండు వైపున కంబళ్ల అంచును వెనుకకు మడిచి, కవరులోనికి ఉత్తరము దూర్చినట్లు తాను లోపలికి దూరవలసియుండెను. ఆ దేశపు శిశువునకు ఇది తెలిసియుండెడిది. ఎవరును చెప్పనిచో, ఎంతటి మేధావికైనను ఊహకు తట్టదు. చెప్పవలసిన విషయమని ఆ దేశమువారికిని తోచలేదు.

కంబళి తనంతట తాను వేడి పుట్టింపదు. శరీరమునుండి వెడలు వేడిని బయటికి పోనీయక నిలుపుట దాని పని. ఉన్నిపోగుల నడుమను, కంబళికిని కంబళికిని నడుమను చిక్కిన గాలి ఆ వేడిని కాచుచుండును. అందుచే దాని క్రింద పరుండినవానికే ప్రయోజనము. మీద పరుండిన రామానుజన్‌కు క్రిందినుండి వచ్చు చలి తగ్గెనేమో గాని, పైనుండి వేడి యంతయు ఓవర్‌కోటులోనుండి జారిపోవుచుండెను. అట్లు అతడెన్ని రాత్రులు వణకెనో లెక్క లేదు.

మహలనోబిస్ కంబళ్ల అంచును మడిచి, లోపలికి ఎట్లు ప్రవేశింపవలెనో చూపెను. రామానుజన్ మనస్సు కరగిపోయెను. ఆనాటినుండి తనపై అతనికి విశేషమైన ఆదరము కలిగెనని మహలనోబిస్ తరువాత చెప్పుకొనెను. చేసిన సాయమా, ఒక్క నిమిషపు పని. కాని మహామహులైన గణితజ్ఞులు అతని సిద్ధాంతములను పరీక్షించుచుండగా, రాత్రి నీకు వెచ్చగా నున్నదా యని యడిగినవాడు ఆ కుర్రవాడొక్కడే. అడుగనిదే రామానుజన్ చెప్పియుండడు. తన బాధను పరులకు చెప్పుట అతని స్వభావము కాదు. మితభాషి, మొగమాటము గలవాడు. ఆ దేశమున అందరును ఇట్లే వణకుచు నిద్రింతురు కాబోలునని అతడు సరిపెట్టుకొనియు నుండవచ్చును.

వారి స్నేహమును తెలుపు మరియొక సంఘటన ఆ చలికాలమునందే జరిగెను. 1914 డిసెంబరు నాటి పత్రికయొకదానిలో ఒక పొడుపులెక్క వచ్చెను. వీధిలో ఒక వరుసగా 1 మొదలు సంఖ్యలు గల యిండ్లు కలవు. వాటిలో ఒక యింటికి ఎడమనున్న యిండ్ల సంఖ్యల మొత్తము, కుడినున్న యిండ్ల సంఖ్యల మొత్తమునకు సమానము. ఇండ్లు 50కి ఎక్కువ, 500కు తక్కువ. ఆ యింటి సంఖ్య యెంత? మహలనోబిస్ కొంతసేపు కుస్తీపట్టి జవాబు కనుగొని, రామానుజన్ గదికి వచ్చి ఆ లెక్క చదివి వినిపించెను. రామానుజన్ అప్పుడు పొయ్యిపైని కూర కలుపుచుండెను. గరిట దింపకయే ఒక సూత్రమును వ్రాసికొమ్మనెను. ఆ ఒక్క సూత్రములో 288 ఇండ్లు, 204వ యిల్లు అను జవాబు మాత్రమే కాక, ఎంత పెద్ద వీధికైనను వర్తించు జవాబులన్నియు ఇమిడియుండెను. కంబళి సంగతి తెలియనివాడును, ఈ సూత్రము క్షణమున చెప్పినవాడును ఒక్కడే యని గుర్తుంచుకొనదగును.

పనిలో అతడు పురోగమించెను. 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము పరిశోధనకు గాను అతనికి పట్టము నొసగెను. కాని ఒంటికి సుఖము లేకుండెను. యుద్ధము ముదిరినకొలది శాకాహారికి తగిన పదార్థములు దొరకుట కష్టమయ్యెను. వేళకు తినుట, వేళకు నిద్రించుట అతనికి అలవాటు లేదు. సముద్రమున జర్మను జలాంతర్గాములు సంచరించుచుండుటచే స్వదేశమునకు పోయి వచ్చుటకును వీలు లేకపోయెను. 1917 మొదటి నెలలలో ఐరోపా యంతటను చలి తీవ్రముగా నుండెను. ఆ వసంతమున రామానుజన్ జబ్బుపడెను. మరల అతడు పూర్తిగా కోలుకొనలేదు. వైద్యులలో పలువురు క్షయయని అనుమానించిరి. ఆనాటి వైద్యవృత్తాంతములను 1994లో పరిశీలించిన పరిశోధకుడొకడు, అది కాలేయమునకు సోకిన అమీబా వ్యాధియై యుండునని అభిప్రాయపడెను. అదియే నిజమైనచో, అతడు పొందిన చికిత్స యంతయు లేని రోగమునకు చేసినదగును.

ఆ చికిత్స యెట్టిదో తెలిసికొనవలెను. క్షయను మాన్పు స్ట్రెప్టోమైసిన్ అను ఔషధము 1943లో గాని కనుగొనబడలేదు. అంతకు ముందు వైద్యులకు స్వచ్ఛమైన గాలియే మందు. కిటికీలను రాత్రింబవళ్లు తెరచియుంచి, చల్లని గాలిలో రోగిని పరుండబెట్టుదురు. వైద్యులు క్రూరులు కారు. వారు నమ్మిన శాస్త్రమది. చలిదేశమున పుట్టినవాడు దానిని కొంతవరకు సహించునేమో. కుంభకోణపు అరుగుపై పెరిగినవానికి అది శిక్షయే. 1917 చివరినుండి రామానుజన్ ఇంగ్లండులోని మెండిప్ కొండలలోను, మాట్‌లాక్‌లోను ఇట్టి ఆరోగ్యాలయములలో ఉండవలసి వచ్చెను.

అట్టి యొకచోటినుండి అతడు హార్డీకి ఒక జాబు వ్రాసెను. ఎన్నడును మొరపెట్టుకొననివాడు ఆ జాబులో చలిని గూర్చి మొరపెట్టుకొనెను. వచ్చి నెల గడచినను, చేరిన దినమున గంటయో రెండు గంటలో తప్ప, తన గదిలో నిప్పు వేయలేదనియు, వణకుచు ఒక్కొక్కప్పుడు భోజనమైనను చేయలేకపోవుచున్నాననియు వ్రాసెను. పదునైదు దినముల తరువాత అచ్చటివారొక కొంత దయ చూపిరి. గంభీరమైన గణితపరిశోధన చేయు దినములలో మాత్రము నిప్పు వేయింతుమని చెప్పిరి. ఆ దినము ఇంకను రాలేదని రామానుజన్ తెలిపెను. రాదు గదా! చేతులు కొంకరలు పోవు గదిలో కలము పట్టుటెట్లు? కలము పట్టినగాని నిప్పు లేదు. నిప్పున్నగాని కలము కదలదు.

ఈ చిక్కును అతడు తన రీతిగా విడదీసికొనెను. ఆ భవనమున స్నానపు గదులు మాత్రము వెచ్చగా నుండుట అతడు గమనించెను. ఇక ప్రతిదినమును కాగితములు, కలము తీసికొని స్నానపు గదికి పోయి, ఒక గంటసేపు కూర్చుండి, త్వరలో రెండు మూడు వ్యాసములు పంపెదనని హార్డీకి మాట యిచ్చెను. మొదటి చలికాలమున చలికి మందు తన మంచముపైననే యున్నను అతడు కనుగొనలేకపోయెను. అడుగుటకును సిగ్గుపడెను. ఈమారు తన కష్టమును మిత్రునకు చెప్పుకొనెను. వెచ్చని చోటు తానే వెదకుకొనెను.

1918లో రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా ఎన్నుకొనెను. అదే సంవత్సరము అక్టోబరులో ట్రినిటీ కళాశాల తన ఫెలోగా స్వీకరించెను. ఆ గౌరవము పొందిన మొదటి భారతీయుడతడే. ఈ వార్తలు అతనికి మందుకంటె ఎక్కువ బలమిచ్చెను. యుద్ధము ముగిసెను, సముద్రము నిర్భయమయ్యెను. 1919 ఫిబ్రవరి 27వ తేదీన నగోయా అను ఓడనెక్కి, సరిగా నెల దినములకు బొంబాయి చేరెను. తల్లియు తమ్ముడును రేవునకు వచ్చి అతనిని కలిసికొనిరి.

వెచ్చని దేశమునకు వచ్చినను దేహము కుదుటపడలేదు. కావేరీ తీరమున కొడుముడిలోను, కుంభకోణములోను, తుదకు చెన్నపట్టణపు చేట్‌పట్టులోను ఉంచి, వైద్యము చేయించిరి. భార్య జానకి దగ్గర నుండి సేవ చేసెను. అతడు మంచముపట్టియు లెక్కలు వ్రాయుచునే యుండెను. 1920 జనవరిలో హార్డీకి పంపిన తుదియుత్తరమున, మాక్ థీటా ప్రమేయములని తాను పేరు పెట్టిన క్రొత్త విషయములను వివరించెను. ఆ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన అతడు మరణించెను. అప్పటికి వయస్సు 32 సంవత్సరములు.

అవసానదశయందు వ్రాసిన కాగితముల కట్ట చెన్నపట్టణపు విశ్వవిద్యాలయము ద్వారా హార్డీకి చేరి, తరువాత చాలకాలము ఎవరికంటను పడలేదు. 1976లో జార్జి ఆండ్రూస్ అను అమెరికా గణితజ్ఞుడు దానిని కనుగొనెను. వందకు పైగా పుటలు గల ఆ కట్ట దొరికినది కేంబ్రిడ్జిలోనే, ట్రినిటీ కళాశాల గ్రంథాలయములోనే. రామానుజన్ కంబళి కప్పుకొనుట నేర్చుకొన్న గది ఆ గ్రంథాలయమునకు నడచిపోదగినంత దూరములోనే యుండెను.